దుంపను చెట్టు చేసిన తాయారు గారు

పెద్దలకు, అమ్మలకు, జగ్గయ్యపేట బజారు మిత్రులకు, ఈ వానలో బస్సెక్కి నందిగామ నుంచి వచ్చిన మా మొక్కల వాళ్ళకు నమస్కారం.

ఈ కళ్యాణ మండపంలో మనం చాలాసార్లు బంతుల్లో ఎదురెదురుగా కూర్చుని నవ్వుకుంటూ భోంచేశాం. ఈ రోజు అందరం ఒకవైపే తిరిగి కూర్చున్నాం. ఎదురుగా తాయారు గారి ఫొటో ఉంది. పోయిన నెల ఆమె వెళ్ళిపోయారు. ఆ మాట ఇంకా నా నోటికి సరిగా రావడం లేదు.

నా పేరు భవానీప్రసాద్. నందిగామలో గోనెసంచులు కొని అమ్మే వ్యాపారం నాది. పెద్దగా చదువుకోలేదు. సాయంత్రం కొట్టు కట్టేముందు ఆ రోజు జమాఖర్చు రాసుకోవడం ఒక్కటే నాకు తెలిసిన రాత. మైకు ముందు మాట్లాడటం చేతకాదు కాబట్టి ఇది కాగితం మీద పెట్టుకుని వచ్చాను. ఎక్కడైనా తడబడితే మన్నించండి.

మిత్రులారా, నేను ఏడవడానికి మైకు తీసుకోలేదు. తాయారు గారు గెలిచిన మనిషి. ఆ గెలుపు చెప్పడానికి తీసుకున్నాను. దాంతోపాటు నాకు అప్పగించిన పని ఇంకొకటి ఉంది. ఆమె మేడ మీద ఒక ఎడారి గులాబి ఉంది. నర్సరీల వాళ్ళు అడీనియం అంటారు. మోకాలి ఎత్తు ఉంటుంది, అంతే. ఆ చెట్టు ఈ చలికాలం బెజవాడ పూల ప్రదర్శనకు వెళ్ళాలా, వద్దా? కర్మ రోజుల నుంచీ ఆ ఇంట్లో ఈ ప్రశ్న నలుగుతోంది. బంధువుల్లో పెద్దలు వద్దన్నారు. ఇంటి యజమానురాలు పోయింది, ఏటిసూతకం ఉంది, ఏడాది తిరక్కుండా ఆ ఇంటి నుంచి పోటీకి వెళ్ళడమేమిటి అన్నారు. వాళ్ళన్నది తప్పని నేననను. మన పద్ధతి అది. ఆమె కొడుకు వెంకటకృష్ణారావు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. దాన్ని సభలో చెప్పమని నన్నడిగారు. చెబుతాను. అయితే ఆ చెట్టు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో తెలియకపోతే ఆ నిర్ణయం బరువు తెలియదు. అందుకని ముందు చెట్టు సంగతి.

మీలో చాలామందికి ఆమె పప్పుల కొట్టు తాయారమ్మగానే తెలుసు. భర్త పోయాక గల్లాపెట్టె ముందు కూర్చుని, హోల్‌సేల్ వ్యాపారం దిగజారకుండా నడిపారు. సంచిలోకి చెయ్యి పోనిచ్చి కందిపప్పులో తేమ ఎంతుందో చెప్పేవారు. మేడ మీద మొదట గులాబీలు పెట్టారు. మన ఎండ మీకు తెలియనిది కాదు. చుట్టూ సున్నపురాయి నేల. వైశాఖంలో మేడ మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. గులాబీలు పోయాయి. మందారాలు పోయాయి. మల్లె కూడా తల వేలాడేసింది. అప్పుడు కంచికచర్ల దగ్గర హైవే పక్క నర్సరీలో ఒక ఎడారి గులాబిని కొన్నారు. అది ఎండలో మాడలేదు సరికదా, ఎండ తిని బలిసింది. కాండం అడుగున గుండ్రంగా పొట్ట పెరిగింది. ఆ పొట్టలోనే అది నీళ్ళు దాచుకుంటుంది. "దీనికి మన వ్యాపారం తెలుసు ప్రసాదూ, సరుకు దొరికినప్పుడే నిల్వ చేసుకుంటోంది" అనేవారు.

దానికి మేకపిల్ల కొమ్ముల్లాంటి జంట కాయలు కాస్తాయి. పగిలాయంటే గింజలు దూదిలా ఎగిరిపోతాయి. కొట్లో పొట్లాలు కట్టే దారంతోనే ఆ కాయలకు కట్లు కట్టి, గింజలు పట్టి, మేడ నిండా మొలకలు లేపారు. వీధిలో వాళ్ళు ఊరుకుంటారా? పక్కింటి రాఘవమ్మ గారు, ఇదిగో ముందు వరసలోనే ఉన్నారు, ఒకరోజు గోడ మీద నుంచి అడిగారు. "కోసి తల్లో పెట్టుకునే పువ్వు కాదు, కూర వండుకునే కాయ కాదు. ఎందుకు వదినా ఈ దుంపల పెంపకం?" తాయారు గారు తల కూడా ఎత్తలేదు. "మీ ఆయన్ని మాత్రం ఎందుకు పోషిస్తున్నావే రాఘవా, తల్లో పెట్టుకోడానికా, కూర వండుకోడానికా?"

రాఘవమ్మ గారు ఇప్పుడు కూడా నవ్వుతున్నారు. నవ్వండమ్మా. ఈ సభలో నవ్వితే తప్పేమీ లేదు.

నేను ఆ కొట్టుకి గోనెసంచులు వేసేవాణ్ణి. ఓసారి సంచులు దించాక ఆ మేడ చూశాను. మాటల మనిషిని కాను కదా, ఏమీ అనకుండా ఒక్కొక్క కుండీ దగ్గరా నిలబడి చూస్తున్నాను. ఆమె కాసేపు నన్ను చూసి ఒక మొక్క చేతిలో పెట్టారు. "మాట్లాడకుండా చూసేవాడి చేతిలో ఇది బతుకుతుంది" అన్నారు. అప్పట్నుంచి ఆమె నాకు అక్కగారు.

తర్వాత నాలాగే ఆమె దగ్గర మొక్కలు తీసుకున్నవాళ్ళం అందరం కలిసి బెజవాడ ప్రదర్శనకు వెళ్ళాం. తాయారు గారు గింజ నుంచి లేపిన వాటన్నిట్లోకీ పెద్ద దుంపను తీసుకొచ్చి, బోన్సాయ్ చెట్లు పెట్టే బల్ల మీద పెట్టారు. గులాబిరంగు పూలతో కళకళలాడుతోంది. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన దాని ముందు ఆగారు. ఆయన్ని నేనేమీ అనను, చాలా మర్యాదగానే చెప్పారు. "పూలు బాగున్నాయమ్మా. కానీ ఇది దుంప. ఈ బల్ల చెట్లది. గాలికీ వానకీ నిలబడి ముసలిదైన చెట్టును దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో, ఈ కుండీలో అలా కనపడాలి. దీన్ని పూలమొక్కల వైపు పెట్టించండి." ఇద్దరు మనుషులొచ్చి కుండీ ఎత్తి, గుమ్మం దగ్గర స్వాగతం బోర్డు పక్కన పెట్టారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం కొంగు సర్దుకుని, "సరేనండి. చెట్టయ్యాక తీసుకొస్తా" అన్నారు.

తిరుగు దారంతా నేను ఆయన్ని లోలోపల తిట్టుకుంటూ, చివరికి పైకే అనేశాను. ఆమె ఏమన్నారో తెలుసా? "ఆయనన్నది నిజమే కదయ్యా. మనం దీన్ని చెట్టులాగా ఎప్పుడు పెంచాం? పొట్ట చూసి మురిసిపోయాం, పువ్వు చూసి మురిసిపోయాం. గారం చేసిన పిల్లాడిలా కూచుండిపోయింది. నిలబెట్టాలి దీన్ని."

నిలబెట్టాలి. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్ని ఏళ్ళు ఖర్చు పెట్టారో మేం చూశాం. కానీ ఆ పని ఆమె అనుకున్నట్టు మొదలవ్వలేదు. అదెలా మొదలైందో వినండి.

ఆ తర్వాత వచ్చిన కార్తీకంలో కుటుంబమంతా కాశీ వెళ్ళింది. ఎడారి గులాబికి చలికాలంలో నీళ్ళు పనికిరావు. ఎంత తక్కువ పోస్తే అంత మంచిది. తాయారు గారు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరో వచ్చి పోస్తారని అనుకోలేదు మరి. ఇంటి తాళం రాఘవమ్మ గారికిచ్చి, తులసికి మాత్రం నీళ్ళు పొయ్యమన్నారు. కార్తీకమాసం. వీధిలో ఆడవాళ్ళంతా తెల్లారగట్ల తలస్నానం చేసి తులసికి నీళ్ళు పోసే రోజులు. మేడ మీద తులసి ఉంది. దాని పక్కన ఎండిన మట్టిలో ఇన్ని మొక్కలు. ఒకదానికి పోసి ఇన్నింటిని ఎండబెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? రాఘవమ్మ గారు పోశారు. ఎదురింటి వాళ్ళు పోశారు. వెనక వీధి వాళ్ళకు తెలిసి వాళ్ళూ బిందెలతో వచ్చారు. అంతటితో ఆగలేదు. ఆ పెద్ద దుంప పొట్ట వినాయకుడి బొజ్జలాగా కనపడిందట. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, రోజూ దీపం కూడా పెట్టారు.

కాశీ నుంచి వచ్చాక ఆమె చెప్పులతోనే మేడెక్కారు. నేను అప్పుడే సంచులు దించి అక్కడే ఉన్నాను. బొట్టు పెట్టి ఉన్న పొట్ట మీద బొటనవేలితో నొక్కారు. వేలు లోపలికి దిగిపోయింది. రెండోది నొక్కారు. అదీ అంతే. మేడంతా పుల్లటి కుళ్ళు వాసన. రాఘవమ్మ గారు మెట్ల మీదే కూలబడి ఏడుపు. నేనైతే ఏమైనా అనేసేవాణ్ణేమో.

తాయారు గారు అన్న మాట ఇది. "ఏడుపు తర్వాత, రాఘవా. కొట్లోకెళ్ళి పసుపు సంచి విప్పించు. ప్రసాదూ, శుభ్రమైన గోనెలు ఉంటే పరుచు."

చీకటి పడేదాకా కోశారు. కుళ్ళు ఎంతవరకు పోయిందో అంతవరకు, తెల్లటి కండ కనిపించేదాకా. కోసిన చోటల్లా పసుపు అద్దారు. గోనెల మీద నీడలో ఆరబెట్టారు. చాలా మొక్కలు పోయాయి. ఆ పెద్ద దాని పొట్ట మొత్తం పోయింది. అడుగున బల్లపరుపుగా కోసిన మొద్దు మాత్రం మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్నారు, "పొట్ట పోయింది. ఇక దీనికి నిలబడక తప్పదు."

అమ్మలారా, అయ్యలారా, ఆమెను ఓడిన మనిషి అనగలమా? మనమైతే ఆ రోజు మేడ మెట్లకు తలుపు వేసేసి ఉండేవాళ్ళం. ఆమె ఆ మొద్దును ఒక నాపరాయి ముక్క మీద కూర్చోబెట్టారు. మున్నేరు వాగు గరుకు ఇసుక, ఇటుక పలుకులు, మిల్లులో కాల్చిన ఊక కలిపి చుట్టూ పోశారు. కింద రాయి అడ్డం ఉంది కాబట్టి కొత్త వేళ్ళు కిందికి పోలేక, అంచు చుట్టూ పక్కలకు పాకాయి. బండి చక్రంలో మధ్య నుంచి అంచుకు పోయే ఆకుల్లా నలువైపులా పాకాయి. కుండీ మార్చిన ప్రతిసారీ మొక్కను కొంచెం పైకి ఎత్తేవారు. వేళ్ళు కొంచెం కొంచెం బయటపడి ఎండకు ముదిరేవి. కొమ్మలకు అల్యూమినియం తీగ చుట్టి వంపు తిప్పేవారు. వంపు నచ్చకపోతే కొమ్మనే కోసేసి ఇంకో చిగురు కోసం ఎదురు చూసేవారు. తొందరంటే ఏమిటో ఆమెకు తెలియదు. బేరంలో తప్ప.

బతికిన వాటిలో ఒకటి తీసుకెళ్ళి రాఘవమ్మ గారి గుమ్మంలో పెట్టారు. "ఇది నీది. నీళ్ళు మాత్రం నన్నడిగి పొయ్యి" అన్నారు. ఇప్పుడు రాఘవమ్మ గారి మేడ చూడండి వెళ్ళి. కార్తీకంలో ఆ మేడ మీదికి బిందెతో ఎక్కగలిగిన మనిషి ఈ ఊళ్ళో లేరు.

ఇక పోయిన చలికాలం సంగతి.

ప్రదర్శన దగ్గర పడింది. చెట్టుకు మొగ్గలు వచ్చాయి. తాయారు గారు కూర్చుని ఒక్కొక్క మొగ్గా గిల్లేస్తున్నారు. మొగ్గలయ్యాక ఆకులు. చూసి కోడలు కృష్ణప్రియ గారి ప్రాణం ఉసూరుమంది. "ఏంటత్తయ్యా ఇది, ఈ మొక్కకి అందమే పూలు కదా" అన్నారట. "పూలుంటే పూలనే చూస్తారమ్మాయ్. నేను వేళ్ళు చూపించాలి" అన్నారు ఆమె.

పూల ప్రదర్శనకు పూలు లేని మొక్క. ఆకు కూడా లేని మొక్క. కొట్టు వ్యాన్‌లో నేనే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్తుంటే గేటు దగ్గర మనిషి, "ఎండిపోయిన దాన్ని తెచ్చారేంటి మామ్మగారూ, దారిలో పోయిందా?" అన్నాడు. "లేదు నాయనా, ఇప్పుడే వచ్చింది" అన్నారు. నేరుగా వెళ్ళి ఆ బల్ల మీదే పెట్టించారు.

అదే పెద్దాయన వచ్చారు. ఇంకా ముసలివారయ్యారు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి దీని ముందు ఆగారు. ఆయన వంగారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. బల్లకు అటువైపు వెళ్ళి చూశారు. పక్కనున్న మనిషితో, "ఈ చెట్టును కొంచెం వెలుతురు వైపు తిప్పవయ్యా, వేళ్ళు సరిగా కనపడట్లేదు" అని ముందుకు కదిలిపోయారు.

తాయారు గారు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "ఏమన్నాడు?" అని అడిగారు. వెలుతురు వైపు తిప్పమన్నారని చెప్పాను. "దేన్ని తిప్పమన్నాడు?" అన్నారు. చెట్టును, అన్నాను. "ఆఁ. ఇక పద, ఆకలేస్తోంది" అన్నారు.

మేం బయటికి వెళ్ళి ఇడ్లీ తింటుండగా లోపల ఫలితాలు చెప్పేశారు. తిరిగి వచ్చేసరికి కుండీ దగ్గర ద్వితీయ బహుమతి కార్డు ఉంది. ఆమె దాన్ని చదివి, మొదటిది దేనికొచ్చిందో వెతుక్కుంటూ వెళ్ళారు. ఒక చింతచెట్టు. దాని ముందు చాలాసేపు నిలబడి, "దీనికి రావాల్సిందే. నేలని ఎలా పట్టుకుందో చూడు" అన్నారు. ఆ మాటలో ఉన్న ఆనందం నేను ఏ గెలిచినవాళ్ళ ముఖంలోనూ చూడలేదు. ఎందుకంటే ఆ చింతచెట్టు ఉన్న బల్ల మీదే ఆమె చెట్టూ ఉంది. గింజ నుంచి లేపి, కుళ్ళు నుంచి లాగి, రాయి మీద నిలబెట్టిన చెట్టు. మన జగ్గయ్యపేట చెట్టు.

అప్పటికే ఆమెకు జబ్బు. మాకెవరికీ చెప్పలేదు. ఉగాదికి మెట్లెక్కలేని స్థితి వచ్చింది. చెట్టును కిందికి తెచ్చి మంచం పక్కన పెడతామంటే కోప్పడ్డారు. "నా కోసం దాన్ని నీడలో పెడతారా?" అన్నారు. అప్పట్నుంచి కృష్ణప్రియ గారు రోజూ మేడెక్కి ఫోన్‌లో వీడియో తీసి చూపించేవారు. చివరి వారంలో కూడా ఆ వీడియో చూస్తూ, "ఎడం కొమ్మ తీగ వదులు చెయ్యమ్మాయ్, కోసుకుంటోంది" అన్నారు. చూడండి, ఆ చూపు ఎక్కడ ఉందో. పోతున్న మనిషి చూపు అది కాదు. వచ్చే చలికాలం మీద పెట్టుకున్న చూపు.

అందుకే ఆ ప్రశ్న ఇంత బరువైంది. ఆ చెట్టును హాల్లో ఫొటో పక్కన పెట్టి దండ వేద్దామని కొందరన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ గోడల మధ్య అది ఎన్నాళ్ళుంటుంది? ఏడాది ఆగి పంపుదామని కొందరన్నారు. అదీ సబబే. నేను మాత్రం ఏమీ అనలేదు. నాకు అనే హక్కు లేదు. అది ఆ ఇంటి నిర్ణయం.

ఇందాక ఇక్కడ కుర్చీలు వేస్తుంటే వెంకటకృష్ణారావు గారు నా దగ్గరికి వచ్చారు. ఆయన మాటలే చదువుతున్నాను, మర్చిపోకుండా వెంటనే రాసుకున్నాను. "ప్రసాద్ గారూ, పొద్దున మేడ మీదికెళ్ళా. మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగని ఆ రోజుల్లో అది కొత్త చిగుళ్ళేసిందండి. మేం ఆగిపోయాం గానీ అది ఆగలేదు. సూతకం మాకు. ఏడాది దాకా మా ఇంటి మనుషులం ఏ వేడుకకీ రాం, అది పాటిస్తాం. చెట్టుకి సూతకం లేదు. మా అమ్మ పేరు మీద దాన్ని పంపండి."

మిత్రులారా, చెట్టు బెజవాడ వెళ్తుంది.

ఆ ఇంటి మనుషులు రారు కాబట్టి రాఘవమ్మ గారు దాన్ని తీసుకెళ్తారు. నేను తోడు వెళ్తాను. పోయిన వాళ్ళ పేరు రాయడం కుదరదని నిర్వాహకులంటే పేరు దగ్గర ఖాళీ వదిలేస్తాం. ఎవరి చెట్టో ఆ బల్ల దగ్గర అందరికీ తెలుసు. పైగా అది ఒంటరిగా వెళ్ళదు. ఈ ఏడు నందిగామలో, చందర్లపాడులో, వత్సవాయిలో మా వాళ్ళంతా నాపరాయి ముక్కలు వెతుక్కుంటున్నారు. ఎవరెవరివి ఆ బల్ల ఎక్కుతాయో తెలియదు. కొన్నిటిని మళ్ళీ స్వాగతం బోర్డు దగ్గర పెట్టిస్తారేమో కూడా. పెట్టించనివ్వండి. చెట్లయ్యాక మళ్ళీ తీసుకెళ్తాం.

వెంకటకృష్ణారావు గారికి, కృష్ణప్రియ గారికి, వారి కుటుంబానికి మా అందరి తరఫునా సానుభూతి తెలుపుతున్నాను. అంతకంటే ఎక్కువగా కృతజ్ఞత తెలుపుతున్నాను.

చివరిగా ఒక్క మాట. తాయారు గారు కత్తి పట్టుకుంటే చుట్టూ ఎవరూ మాట్లాడకూడదు. నేనోసారి మధ్యలో ఏదో అడగబోతే, తలెత్తకుండానే ఎడమచెయ్యి పైకెత్తారు. అంతే, ఊపిరి కూడా మెల్లగా తీశాం. కోత అయిపోయి, కత్తి తుడిచి పక్కన పెట్టాకే, "ఇప్పుడు అడుగు" అన్నారు.

ఆమె ఆ చెయ్యి ఎత్తారనుకోండి. దయచేసి అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. అక్కగారిని పని చేసుకోనిద్దాం.